నడుమ పెట్టిన పుల్ల

మొండయ్య ఆ రోజు ఎల్లస్వామిని పేరు పెట్టి పిలిచాడు. గొడవంతా అక్కడే ఉంది.

పేరున్నది పిలవడానికే కదా, ఇందులో గొడవేమిటి అంటారేమో. అట్లా అనేవాళ్లకు దోస్తాన్ సంగతి తెలియదన్నమాట. పదిహేనేళ్ల కింద ఐనవోలు జాతరలో, మల్లన్న గుడి ముందర, ఒకరి నోట్లో ఒకరు బెల్లం ముక్క పెట్టుకుని దోస్తాన్ కట్టుకున్నారు ఆ ఇద్దరూ. అట్లా కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరి నోట రాకూడదు. పిలిస్తే ‘దోస్త్’ అనే పిలవాలి. తిట్టినా ‘ఓరి దోస్తుగా’ అనే తిట్టాలి. పెళ్లాం పిల్లలు కూడా అవతలివాణ్ణి పెదబాపు అనో చిన్నబాపు అనో అనాల్సిందే. ఈ పదిహేనేళ్లలో మొండయ్య నోట ఎల్లస్వామి పేరు ఒక్కసారైనా రాలేదు. రాకరాక వచ్చింది, అదీ నలుగురి ముందు.

ఎల్లస్వామిది వరంగల్ స్టేషన్ రోడ్డులో మోటరు వైండింగు షాపు. కాలిపోయిన బావి మోటర్లను విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. తొర్రూరు దాకా రైతులు మోటర్లను బస్సు టాపు మీద వేసుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు, మొండయ్య కూడా. ‘ఎల్లస్వామి చుట్టిండంటే మల్ల మూడేండ్లు ఫికర్ లేదు’ అనేది వాళ్ల మాట. ఆ మాటే ఆయన ఆస్తి. అంతకు మించి ఆస్తి అంటూ ఏమీ లేదు, ఒక కూతురు తప్ప.

ఆ కూతురు నిర్మల ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఎనభై ఏడు ఫిబ్రవరిలో, ఆ మధ్యాహ్నం, తండ్రికి సద్ది గిన్నె ఇవ్వడానికి షాపుకు వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మొండయ్య మోటరును నేల మీద దించి, దాని పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. ఏడాదిలో అది కాలడం మూడోసారి.

"ఎల్లస్వామీ!" అన్నాడు మొండయ్య. "మా ఊర్లె అందరి మోటర్లు నడుస్తానయ్. నాదొక్కటే కాలుతాంది. లైన్‌మన్ సారయ్య మీటర్ వెట్టి జూసిండు, ఓల్టేజీ మంచిగనే ఉన్నదన్నడు. మరి కాలుడు దేనికి? నువ్వు పాత తీగ జుట్టినవ్. దోస్తునని నమ్మితి, నా గొంతు గోసినవ్."

షాపులో ఉన్న రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత తీగ అన్న మాటకు ఎల్లస్వామి జవాబు చెప్పగలడు, చుట్ట విప్పి చూపించగలడు. కానీ పేరు పెట్టి పిలిచిన తర్వాత ఇక ఏం చెప్తాడు? మొండయ్య మోటరును మళ్లీ భుజాన వేసుకుని, దాన్ని తొర్రూరులో ఇంకొకడి దగ్గర చుట్టిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. యాసంగి వరి పొట్ట మీదుంది మరి, ఆగడానికి వీల్లేదు.

ఆ రోజు నుంచి ఎల్లస్వామి మనిషి మనిషిలా లేడు. షాపులో మొండయ్య వచ్చినప్పుడల్లా కూర్చునే స్టూలు ఒకటుండేది. దాని మీద ఇంకెవరైనా కూర్చోబోతే "అది విరిగింది" అనేవాడు. అది నిక్షేపంగా ఉంది, నిర్మలకు తెలుసు.

"మీ బాపు ఉపాసమన్న ఉంటడు గని పాత తీగ జుట్టడు" అంది తల్లి కళావతి.

నిర్మల కూడా అదే నమ్మింది. కానీ ఆ ఏడు రాగి ధర మండిపోతోంది. షాపులో తండ్రి ముఖం చిన్నబుచ్చుకుని కూర్చోవడం ఆమె చూసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన చెయ్యి వంకర తిరిగి ఉంటే? ఆ అనుమానం వచ్చినందుకే తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది. అనుమానం మాత్రం పోలేదు. పాడు బుద్ధి, ఒకసారి పట్టుకుందంటే జిగట బంక.

కాలేజీలో ఆమె ప్రాజెక్టు ఏమిటంటే, ఏసీ కరెంటు ఓల్టేజీని మైక్రోకంట్రోలరుతో కొలవడం. మైక్రోకంట్రోలరు అంటే ఆ ఏడు కాలేజీకి కొత్తగా వచ్చిన చిప్పు. రెండు వైపులా కాళ్లతో అచ్చం జెర్రిలా ఉంటుంది. దానికి లెక్కలు వచ్చు, చూసింది గుర్తు పెట్టుకోవడం వచ్చు. లైన్‌మన్ దగ్గరుండే ముల్లు మీటరు ఆ క్షణంలో ఎంత ఉందో చూపిస్తుంది, అంతే. మనిషి కన్ను పక్కకు తిప్పితే పోయిందేదో పోయినట్టే. ఇది అట్లా కాదు, కన్నార్పకుండా కాపలా కాస్తుంది. పడిపోయిన ఓల్టేజీ ఎంత తక్కువకు పడిందో దాచి పెట్టి చూపిస్తుంది.

చెప్పడానికి బాగానే ఉంది. చేయబోతే మాత్రం నానా తిప్పలూ పెట్టింది.

ఏసీ కరెంటు కుండలో నీళ్లలా నిలకడగా ఉండదు. సున్నా నుంచి పైకి లేస్తుంది, మళ్లీ సున్నాకు దిగి అంతే లోతుకు కిందికి పోతుంది, తిరిగి లేస్తుంది. సెకనుకు యాభై సార్లు ఇదే తంతు. చిప్పేమో సున్నాకు కింద ఉన్నదాన్ని చూడలేదు. అందుకని నిర్మల చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి ఓల్టేజీని తగ్గించింది. తర్వాత ఆ అల మొత్తాన్ని పీట మీద కూర్చోబెట్టినట్టు కొంత ఎత్తుకు లేపింది. ఇక చిప్పు అల పొడుగునా వరసగా కొలతలు తీసుకుంటుంది. ఆ కొలతల్లోంచి పీట ఎత్తు తీసేసి, అన్నీ కలిపి సగటు కట్టమని ప్రోగ్రాము రాసింది.

సున్నా వచ్చింది. ల్యాబు గోడకున్న ప్లగ్గుకు తగిలిస్తే సున్నా, తీసేస్తే సున్నా. వారం రోజులు తీగలన్నీ పీకి మళ్లీ అతికించింది. చిప్పు చచ్చిపోయిందనుకుని ఏడ్చింది కూడా.

లెక్చరర్ కిషన్ రావు వచ్చి ఆ సున్నాను చూసి నవ్వాడు. "అమ్మా నిర్మలా, నువ్వు పొద్దున వరంగల్ల బయలెల్లి హన్మకొండ పోయినవ్. మాపటికి మల్ల ఇంటికొచ్చినవ్. ఎంత దూరం పోయినవంటే ఏం జెప్తవ్, సున్నా అంటవా? మరి చెప్పులెట్ల అరిగినయ్?"

నిర్మలకు అప్పుడు తట్టింది. పైకి లేచినంత కిందికి దిగుతోంది. ఆ ప్లస్సూ ఈ మైనస్సూ కలిస్తే సున్నా కాక ఏమవుతుంది!

"ఒక్కో కొలతను దానితోనే గుణించు" అన్నాడు కిషన్ రావు. "మైనస్ ఎగిరిపోతది. అప్పుడు సగటు గట్టి, వర్గమూలం దియ్యి. అరిగిన చెప్పుల లెక్క గదే."

అట్లాగే చేసింది. ఎర్రటి అంకెలు వెలిగాయి, రెండు వందల ముప్పై. నిర్మల చప్పట్లు కొట్టింది. కిషన్ రావు మాత్రం పెదవి విరిచాడు. "ల్యాబుల ప్లగ్గు గొలుసుడు పెద్ద గొప్పనా? కరెంటు పాడున్న కాడికి తీస్కపో."

ఎక్కడికి తీసుకుపోవాలో ఆమె ఆలోచించనక్కర్లేదు.

ఆ ఆదివారం బిస్కెట్ డబ్బాలో బిగించిన తన మీటరును, స్కూటరు బ్యాటరీని సంచిలో పెట్టుకుని గడప దాటబోతుంటే ఎల్లస్వామి అడిగాడు. "యాడికి?"

"తొర్రూరు దిక్కు. ప్రాజెక్టు పని, బాపూ."

తొర్రూరు దిక్కు ఏ బావి ఉందో ఆయనకు తెలియదా? గోడ వైపు తిరిగాడు. "అండ్ల ఏమొస్తే గదే జెప్పు బిడ్డా. నా మొఖం జూసి చెప్పకు" అన్నాడు. ఆ మాటతో నిర్మలకు సంచి రెండింతలు బరువెక్కింది.

బస్సు దిగి పొలం గట్ల మీద నడిచి పోయేసరికి మొండయ్య బావి దగ్గరే ఉన్నాడు. ఆయన పొలం కరెంటు లైనుకు చిట్టచివర. అక్కడితో స్తంభాలు అయిపోతాయి. నిర్మలను చూసి ఆయన ముఖం ఒక్క క్షణం విచ్చుకుని మళ్లీ బిగుసుకుంది. భార్య బక్కమ్మ మాత్రం పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. "నా తల్లే, చిక్కి పుల్లైనవ్ గదనే! మీ అవ్వ తిండి పెడతలేదా?"

"కొట్లాట మీ బాపుతోని గని నీతోని గాదు" అన్నాడు మొండయ్య. డబ్బా ఏమిటో నిర్మల చెప్పింది. ఆయన విని తల ఊపాడు. "పెట్టుకో. నీ మిషిని మీ బాపును తప్పువట్టనీ, నన్ను తప్పువట్టనీ, నిజం జెప్పాలె. ఒప్పేనా?"

"ఒప్పే, పెదబాపూ."

మోటరు కొట్టంలో తీగలు తగిలించింది. తొర్రూరులో చుట్టించిన మోటరు హాయిగా నడుస్తోంది, నీళ్లు ధారగా పడుతున్నాయి. డబ్బా మీద అంకెలు వెలిగాయి, రెండు వందల పద్దెనిమిది. లైన్‌మన్ సారయ్య అబద్ధం చెప్పలేదు. ఓల్టేజీ నిజంగానే బాగుంది.

ఓల్టేజీ బాగుండి మోటరు కాలిందంటే తప్పు చుట్టినవాడిదే. ఇంకే దారీ లేదు. ఇప్పుడు ఇంటికి పోయి బాపు ముఖం చూసి ఆ అంకె ఎట్లా చెప్పాలి?

"మీ బాపే తప్పువడ్డట్టా?" అని మొండయ్య అడిగాడు. ఆ గొంతులో గెలిచిన వాడి సంతోషం లేదు. పైగా కాదని చెప్తే బాగుండునన్నట్టు ఉంది. ఇంతలో కరెంటు పోయింది.

"రెండు గంటలకొస్తది" అంది బక్కమ్మ. "బువ్వ తిందువు రా."

వేప చెట్టు కింద కూర్చుని జొన్న గట్కలో పచ్చిపులుసు పోసుకుని తింటున్నారు. ముద్ద దిగడం లేదు నిర్మలకు. "మొన్నటి సంది ఈయన గూడ గిట్లనే మెతుకులు లెక్కవెడ్తాండు" అని బక్కమ్మ గొణిగింది. "నువ్వు నోర్ముయ్యే" అన్నాడు మొండయ్య. ఆ తర్వాత నిర్మల డబ్బా విప్పుకుందామని కొట్టంలోకి వెళ్లింది. తీగ మీద చెయ్యి వెయ్యబోయిందో లేదో, కరెంటు వచ్చింది.

వచ్చిన మరుక్షణం చుట్టూ పొలాల్లో ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే మూలిగాయి. పక్క బావి, దాని పక్కది, చెరువు కింద బావులు, అన్నీ. ఒక్క మనిషి కూడా పొలాల్లో కనపడటం లేదు, అయినా మోటర్లు వాటంతట అవే లేచాయి. మొండయ్య మోటరు కూడా ‘హూఁ’ అంది కానీ తిరగలేదు. నిర్మల అంకెల వైపు చూసి కళ్లు నులుముకుంది. నూట ముప్పై ఒకటి. మళ్లీ చూసింది. నూట ఇరవై ఆరు.

దున్నపోతును లేపడానికి బలం ఎక్కువ కావాలి, నడిపించడానికి అంత అక్కర్లేదు. మోటరూ అంతే. లేచేటప్పుడు నాలుగింతల కరెంటు గుంజుతుంది. ఊరి మోటర్లన్నీ ఒక్కసారే గుంజితే లైను మొదట్లో ఉన్నవాళ్లకు ఎంతో కొంత అందుతుంది. చివరనున్న మొండయ్యకు మిగిలేది గంజినీళ్లే. మోటరు తిరగలేక, ఆగలేక, లోపల తీగ కాగిపోతుంది. ముందు లేచినవి కుదురుకున్నాక ఓల్టేజీ మళ్లీ పైకి వస్తుంది. లైన్‌మన్ అంతా కుదురుకున్నాక నింపాదిగా వచ్చి మీటరు పెడితే రెండు వందల పద్దెనిమిదే కనపడుతుంది మరి!

"బాపు తీగ మంచిదే!" అని నిర్మల గట్టిగా అరిచింది. అరిచి, ఏడుస్తూ నవ్వింది. మనసులో తండ్రికి ఒకసారి దండం పెట్టి, అనుమానపడ్డందుకు ఇంకోసారి పెట్టింది.

అంతలోనే మోటరు తీగ మీది వార్నిష్ వేడెక్కిన వాసన ముక్కుకు తగిలింది. మోటరు ఇంకా మూలుగుతూనే ఉంది. ఓల్టేజీ ఇంతగా పడితే స్టార్టరు దానంతట అది విడిచి మోటరును కాపాడాలి కదా, అది చేసే పనే అది కదా, ఎందుకు విడవడం లేదు? నిర్మల మెయిన్ స్విచ్ పిడిని కిందికి గుంజింది. మోటరు నిమ్మళించింది. అప్పుడు స్టార్టరు వైపు చూసింది.

పచ్చ బటనును లోపలికి నొక్కిపెట్టి, అది మళ్లీ బయటికి రాకుండా ఒక పుల్ల బిగించి ఉంది. పుల్ల ఉన్నంత కాలం స్టార్టరు విడవమన్నా విడవదు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు మోటరు లేస్తుంది, మనిషి వచ్చి ఒత్తే పని లేదు. చుట్టుపక్కల మోటర్లు వాటంతట అవి ఎట్లా లేచాయో ఇప్పుడు తెలిసింది. ఊరంతా పుల్లలే!

కానీ ఈ పుల్ల వేపపుల్ల కాదు, కందికట్టె కాదు. నున్నగా చెక్కిన వెదురు పుల్ల. వార్నిష్‌లో ముంచి ఆరబెట్టిన పుల్ల. మోటరు లోపల తీగ చుట్టాక, తీగ పైకి లేవకుండా ఇనుప గాడుల్లో దూర్చే పుల్ల. ఒక కొస వాలుగా చెక్కి ఉంది. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రి పక్కన కూర్చుని అటువంటివి ఎన్ని చీల్చి ఇచ్చిందో! ఆ వాలు చెక్కుడు ఎవరి కత్తిదో వరంగల్లు మొత్తంలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇంతసేపటి సంతోషం ఎగిరిపోయింది.

ఆమె చెయ్యి పుల్ల మీదికి పోయింది.

"ముట్టకు!" అని గుమ్మంలోంచి మొండయ్య కేక వేశాడు. "దాన్ని ముట్టకు బిడ్డా. అది నా దోస్త్ పెట్టిండు."

అన్నాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. రుమాలుతో ముఖం తుడుచుకున్నట్టు చేసి పక్కకు తిరిగాడు. బక్కమ్మ మాత్రం దాచుకోలేదు, కొంగు నోట్లో కుక్కుకుని బోరుమంది.

సంగతి ఆమే చెప్పింది. అయిదేళ్ల కింద రాత్రి వంతు కరెంటుకు బటను ఒత్తడానికి పోతూ మొండయ్య గట్టు మీద కట్లపామును తొక్కాడట. కాటు పడలేదు, అదృష్టం. సంగతి తెలిసిన రోజే ఎల్లస్వామి షాపు మూసి బస్సెక్కి వచ్చాడట. జేబులోంచి ఒక వెదురు పుల్ల తీసి బటనుకు బిగించి, ‘ఇగ రాత్రిపూట నువ్వు రావద్దు దోస్త్, మోటరే లేస్తది’ అన్నాడట. దాన్ని చూసి పక్క బావివాడు పెట్టాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఒక్క పుల్ల ఉన్నన్నాళ్లు ఏ నష్టమూ లేదు. ఊరంతటికీ పాకాకే, లైను చివరివాడి కొంప మునిగింది.

నిజమే చెప్పాలని నిర్మలకు ఇద్దరూ చెప్పి ఉన్నారు. తన ముఖం చూసి మార్చి చెప్పొద్దన్నాడు ఒకాయన, ఎవరిని తప్పుపట్టినా సరే అన్నాడు ఇంకొకాయన. డబ్బా చెప్పింది చూస్తే తప్పు ఇద్దరిదీ సగం సగం. కలిపి సున్నా చేసి ఏమీ కాలేదందామా అంటే, చెప్పులు అరిగే ఉన్నాయి.

"పెదబాపూ, మోటరు కాలింది బాపు తీగతోని గాదు" అంది చివరికి. "గీ పుల్లతోని."

మొండయ్య పుల్ల వైపు చూశాడు. కోపం రాలేదు ఆయనకు. వస్తే బాగుండునేమో. "నలుగుర్ల నిలవెట్టి దొంగ జేస్తి గదనే నా దోస్తును" అన్నాడు బక్కమ్మతో. తర్వాత నిర్మల వైపు తిరిగాడు. "నేను దియ్య. పెట్టినోడే తియ్యాలె."

"బాపును రమ్మని చెప్పాల్నా?"

"ఏ మొఖం పెట్టుకొని రమ్మనాలె" అని గొణుక్కుంటూ మొండయ్య మడి వైపు వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ఎల్లస్వామి వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. నిర్మల సంచి దించి, తండ్రి ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. తీగ మంచిదే అన్నప్పుడు ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. పుల్ల సంగతి వచ్చేసరికి ఆ కళ్లు తెరుచుకున్నాయి.

"వెదురు పుల్లనా?"

"ఔ బాపూ."

"ఒక కొస వాలుగ?"

"ఔ."

"దోస్త్ ఇంకా తియ్యలేదా దాన్ని? గింత కొట్లాటైనంక గూడ?"

"ముట్టనియ్యలేదు. నా దోస్త్ పెట్టిండని అన్నడు."

"దోస్త్ అన్నడా?" ఎల్లస్వామి ఆ ఒక్క మాటనూ మళ్లీ అడిగాడు. "గట్లనే అన్నడా, లేకపోతే నువ్వంటానవా?"

"గట్లనే అన్నడు బాపూ. నీ మొఖం జూసి చెప్తలేను."

ఆయన లేచి లోపలికి పోయాడు. కళావతి అన్నం పెడితే పళ్లెం ఖాళీ చేసి, ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఎన్ని రోజులైందో ఆ మాట ఆ ఇంట్లో వినపడి! తెల్లారి షాపు తలుపుల దగ్గరికి కూడా పోలేదు. బజారుకు పోయి ఏదో కొనుక్కుని సంచిలో వేసుకుని వచ్చి, "నీ డబ్బా తీస్కొని నడువు బిడ్డా" అన్నాడు. బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏముందని నిర్మల అడిగితే "నోరు మూస్కొని కూసో" అన్నాడు, అంత హుషారుగా కసిరి కూడా చాలా రోజులైంది.

మొండయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు. దూరం నుంచే చూశాడు, కదల్లేదు. ఎల్లస్వామి దగ్గరికి పోయి ఎదురుగా ఆగాడు. ఇద్దరూ చూపులు కలపలేదు. బక్కమ్మ నీళ్ల చెంబు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"తీగ నాదే, మంచిది" అన్నాడు ఎల్లస్వామి. "పుల్ల నాదే, చెడ్డది. మన నడుమ పుల్ల వెట్టినోడు ఎవడో అనుకున్న, నేనే."

మొండయ్యది పేరు పెట్టి పిలిచిన నోరు కదా, మళ్లీ తెరవడానికి దానికి సిగ్గుగా ఉంది.

ఎల్లస్వామి కొట్టంలోకి పోయి ఆ పుల్లను రెండు వేళ్లతో లాగేశాడు. పచ్చ బటను ‘టక్’మని బయటికి వచ్చింది. కరెంటు రావడానికి ఇంకా కొంచెం టైముంది. నిర్మల డబ్బా తగిలించింది. అందరూ అట్లాగే నిలబడ్డారు. వచ్చింది. చుట్టూ మోటర్లన్నీ మూలిగాయి, అంకెలు నూట నలభైకి పడ్డాయి. మొండయ్య మోటరు మాత్రం మెదలకుండా ఉంది. నిర్మల చదువుతూ పోయింది. నూట యాభై. నూట ఎనభై. రెండు వందలు దాటింది.

"ఇగ ఒత్తు" అన్నాడు ఎల్లస్వామి.

మొండయ్య బటను ఒత్తాడు. మోటరు ఒక్క ఊపున లేచింది. పైపులోంచి నీళ్లు దూకాయి. నిర్మల తండ్రి వైపు చూసింది. ఆయన నీళ్ల వైపు చూడటం లేదు. సంచి విప్పుతున్నాడు. అందులోంచి మోకాళ్ల దాకా వచ్చే నల్లటి రబ్బరు బూట్లు రెండు తీసి మొండయ్య కాళ్ల ముందు పెట్టాడు.

"ఇప్పటిసంది రాత్రిపూట నువ్వే వచ్చి ఒత్తాలె" అన్నాడు. "పుల్ల గుంజేసి నిన్ను పాముకప్పజెప్పి పోతననుకున్నవా?"

మొండయ్య గట్టు మీద కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక తోలు చెప్పులు తప్ప ఆయన కాలికి ఏమీ తగల్లేదు. బూటులో కాలు పెట్టబోతే, ఎట్లా వంచాలో తెలియక మడమ దగ్గర ఇరుక్కుంది. ఎల్లస్వామి బురదలో మోకాళ్ల మీద కూర్చుని, బూటును రెండు చేతులా పట్టుకుని కిందికి గుంజాడు. ఒకటి పోయింది. రెండోదీ పోయింది. మొండయ్య లేచి రెండడుగులు వేసి, బాతులా ఊగి, పడబోయి ఎల్లస్వామి భుజం పట్టుకున్నాడు. ఆ భుజం వదల్లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు.

"పెద్దగైనయ్, దోస్త్" అన్నాడు.

"అండ్ల గడ్డి గుక్కుకో, దోస్త్" అన్నాడు ఎల్లస్వామి.